కొండ దిగే చీటీ

"వస్త్రాలిస్తాను పంత్‌గారూ. కానీ నా పని కూడా ఒకటి కావాలి," అన్నాడు ఉదాజీ రాజు.

పీష్వా ఇంటి వ్యవహారాలు చూసే కారభారి శివరామ్ పంత్, వారసుడికి పదవీ వస్త్రాలు అడగడానికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడు నెలల క్రితం పీష్వా జ్వరంతో పోయాడు. నాలుగు తరాలుగా ఆ ప్రధాని పదవి ఆ ఇంటిదే. రాజు చేత్తో వస్త్రాలందితేనే ఎవరైనా పీష్వా అవుతారు. పీష్వా చీటీ రాసిస్తేనే రాజు కేతకిగఢ్ కొండకోట దిగాలి. ఎవరు ఎవరి కొలువులో ఉన్నారో ఆలోచించే తీరిక ఆ రాజ్యంలో ఎవరికీ లేదు.

"కొండ కింద మా అక్క మంచం పట్టింది. దసరా దాటదంటున్నారు వైద్యులు. ఆమె ముఖం చూసి పదకొండేళ్లయింది," అన్నాడు రాజు. "ఆ చీటీ మీరే రాసిచ్చేయకూడదూ?"

"మిగతా కాగితాలకైతే మేమే ముద్ర వేసేస్తున్నాం మహారాజా. మీ సెలవు చీటీ మాత్రం పీష్వాగారు సొంత చేత్తో రాయాలి. మీ తాతగారు ఒప్పుకున్న కరారే కదా."

"పోయినాయనకు వారసుడున్నాడని నాకెవరూ చెప్పలేదే?"

"కబుర్లు కొండెక్కేసరికి ఆలస్యమవుతుంది."

"మనిషి ఎలాంటివాడు? తండ్రిలాగే కోపిష్ఠా?"

"ఇంతవరకూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు."

"జల్సాలూ అవీ?"

"గడప దాటరు. తల్లిని వదిలి క్షణం ఉండరు. ఆవిడ ఏం తింటే అదే."

"అమ్మకూచి అన్నమాట." రాజు నవ్వాడు. అలాంటివాడికి తోబుట్టువు బాధ తప్పకుండా అర్థమవుతుందనిపించింది. "మరి సర్దార్లు ఒప్పుకున్నారా?"

"ఒక్క నోరు లేవలేదు. ఎవరి మాటకూ అడ్డు చెప్పరని వాళ్లకు మహా నమ్మకం."

"నేనడిగితే కాదంటాడా?"

"ఇప్పటిదాకా ఎవరికీ కాదనలేదు."

ఇంకేం కావాలి? రాజు తానే లేచి శాలువా, తలపాగా, కటారు పంత్ చేతిలో పెట్టాడు. ఒకసారి ఇచ్చిన వస్త్రాలు తిరిగి తీసుకునే ఆచారం ఆ దర్బారులో లేదు. పంత్ వాటిని కళ్లకద్దుకున్నాడు.

అక్కకిష్టమైన పూరణ్ పోళీలు చేయమని రాజు వంటింటికి కబురు పంపాడు. బోయీలను పిలిపించి పల్లకీ దులపమన్నాడు. ముసలి ముఖంలో ఎన్నాళ్లకో సంతోషం కనిపించింది.

"ఇంతకీ చీటీ ఎప్పుడు రాస్తారు పంత్‌గారూ?"

పంత్ తల దించుకున్నాడు.

"ముందు పుట్టనివ్వండి మహారాజా."