వెనక గుమ్మం

“అన్నయ్యా, నేను చెప్పానని మాత్రం అనకు. వదిన బైపాస్ హోటల్లో వంటకి చేరినట్టుంది,” అన్నాడు ఎదురు కొట్టు టైలరు, గొంతు తగ్గించి.

బల్ల తుడుస్తున్న హోటలాయన చేతిలో గుడ్డ అక్కడే వదిలేశాడు. “నోటికొచ్చినట్టు వాగకు. ఆవిడ లోపల వంటింట్లో ఉంది.”

“వెళ్ళి చూసుకో మరి! కొన్నాళ్ళుగా మధ్యాహ్నం పూట దొడ్డివైపు నుంచి ఆటో ఎక్కుతోంది. నిన్న బటన్లు కొందామని అటు వెళ్తే, ఆ హోటల్ వెనక గుమ్మంలోంచి లోపలికి పోతూ కనబడింది.”

హోటలాయన వంటింట్లోకి తొంగిచూశాడు. పొయ్యి ఆరిపోయి ఉంది. ఆవిడ లేదు. పాలు రెండుసార్లు మాడబెట్టాడని ఆవిడ ఆయన్ని ఆ గడప తొక్కనివ్వడం ఏనాడో మానేసింది. వంటిల్లు ఆవిడది, గల్లాపెట్టె ఆయనది. లోపల ఏం జరుగుతోందో ఆయనకు తెలిస్తే ఒట్టు.

బైపాస్ పడ్డాక ఈ బజారువీధిలో సగం షట్టర్లు దిగిపోయాయి. తన హోటల్ ఇంకా తెరిచి ఉందంటే అది ఆవిడ చేతి చలవే. ఆ చెయ్యి కాస్తా వాళ్ళ పాలైతే తను తాళం వేసుకోవాల్సిందే. ఉన్నపళాన సైకిలెక్కి, రొప్పుతూ తొక్కాడు.

వెనక గుమ్మం దగ్గర కాపలావాడు అడ్డం పడ్డాడు. వాణ్ణి తోసుకుని లోపలికి పోతే ఎదురుగా ఆవిడే. చేతిలో గరిటె, చుట్టూ తెల్ల టోపీల వంటవాళ్ళు.

“మన హోటల్ నీ కంటికి ఆనడం లేదన్నమాట!” అని అరిచాడు. “నన్ను నట్టేట ముంచి, వీళ్ళ దగ్గర గరిటె తిప్పుతావా?”

“ఏమండీ, మెల్లగా! అందరూ చూస్తున్నారు.”

“చూడనీ! ఎప్పుడు చేరావిక్కడ?”

“చేరడమేంటి? మతి గానీ పోయిందా మీకు?”

టోపీల్లో పెద్దవాడు కంచం పట్టుకుని ముందుకొచ్చాడు. “బాబాయ్, పిన్నిని ఏమీ అనకండి. పొద్దస్తమానం వండీ వండీ ఇక్కడి తిండి మాకు మొహం మొత్తింది. అందరం మీ హోటల్ నుంచే భోజనం తెప్పించుకుంటున్నాం. పిన్ని తెచ్చి వడ్డించి వెళ్తుంది.”

హోటలాయన కంచాలవైపు చూశాడు, గిన్నెలవైపు చూశాడు. గిన్నెలన్నీ తనవే.

“ఇంత చేస్తూ నాతో ఒక్క మాట చెప్పవా?”

“చెబితే తేనిచ్చేవారా? బైపాస్ వాళ్ళకి మంచినీళ్ళు కూడా పొయ్యనని వీధంతా చాటింపు వేసింది మీరు కాదూ? అయినా, ఇంటి ఖర్చులకి మిమ్మల్ని అడగడం ఎందుకు మానేశాననుకున్నారు?”

ఆయన బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. వీధి చివరి కూరగాయలావిడ ఈమధ్య బాకీ ఊసెత్తకుండా, ఎదురొచ్చి మరీ ఎందుకు పలకరిస్తోందో ఇప్పుడర్థమైంది. తన భార్య ఎక్కడికీ పోలేదు. హోటల్ మూతపడదు. ఎన్నాళ్ళకో ఆయనకి ఊపిరి హాయిగా ఆడింది.

అంతలోనే మళ్ళీ గాభరా పుట్టింది.

“ఒరే అబ్బాయ్, మీ ఓనరుకి తెలిస్తే ఊరుకుంటాడా? తన హోటల్లోకే బయటి హోటల్ తిండి తెప్పిస్తున్నారని తెలిస్తే రేపే మాన్పించేయడూ?”

పెద్ద వంటవాడు నోట్లో ముద్ద నింపాదిగా మింగాడు.

“తెలియకపోవడమేంటి బాబాయ్! మాకు పిన్ని వంట అలవాటు చేసిందే ఆయన. ఈ హోటల్ పెట్టినప్పటి నుంచీ వాళ్ళింటికి మీ కారియరే వెళ్తోంది!”