పాలు పొంగించే చెయ్యి

వాటర్ ట్యాంకు దగ్గర చీటీలు కట్టించుకునే ఆవిడ రాత్రికి రాత్రి ఊరొదిలిపోయిందట. ఫ్రిజ్‌ల మెకానిక్ ఖాదర్ వలి కొడుకు అక్రం రైల్వేలో చేరి నడికుడిలో కాపురం పెట్టాడట, పెళ్ళాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చూపించలేదట. ఆస్ట్రేలియాలో ఉన్న కూతురు అక్షయకేమో వీసా దొరకడం లేదట, అందుకని నూనెల కొట్టు సుబ్బరామయ్య కొత్తింట్లో పాలు పొంగించడానికి వినుకొండ నుంచి తమ్ముడి కూతుర్ని పిలిపిస్తున్నాడట. ఇవన్నీ పేరిందేవమ్మ చెప్పిందని నరసరావుపేటలో ఆ వీధంతా అనుకున్నారు. పేరిందేవమ్మ దగ్గర వార్తలు విడిగా దొరకవు, కట్టగానే వస్తాయి.

ఆఖరి వార్త పట్టుకుని ఆమె కొడుకు ఫణి ల్యాప్‌టాప్‌తో సహా వచ్చి సుబ్బరామయ్య ముందు కూర్చున్నాడు. వెనకే పేరిందేవమ్మ.

“ఇప్పుడంతా ఆన్‌లైన్ మామయ్యా. ఈ-వీసాకి ఎక్కడికీ పోయే పన్లేదు. టూరిస్టు కింద పెడితే నాలుగు రోజుల్లో మెయిల్‌కొచ్చుద్ది.”

“సొంతూరికి రావడానికి టూరిస్టేందిరా?”

“అక్షయ అక్కడ సిటిజన్ అయిందని నువ్వే చెప్పావు గదా. అంటే మన పాస్‌పోర్టు పోయినట్టే. అయినా నాలుగేళ్ళకే ఎట్టా ఇచ్చారు?”

“ఇచ్చార్లే. బాగా చదివే పిల్ల గదా.”

“ఏ ఊళ్ళో ఉంటది?”

“మెల్‌బోర్న్.”

“మొన్న నాతో సిడ్నీ అన్నావు అన్నయ్యా!” అంది పేరిందేవమ్మ.

సుబ్బరామయ్య కళ్ళజోడు తీసి పంచెకి తుడిచాడు. “రెండూ పక్కపక్కనే లేమ్మా. మన పేట, చిలకలూరిపేట లాగా.”

ఫణి అర్థం కానట్టు చూసి మెల్‌బోర్న్ అనే కొట్టాడు.

వంటింటి గడపలో కూర్చుని సుబ్బరామయ్య భార్య కోటేశ్వరమ్మ గోంగూర పచ్చడి స్టీలు డబ్బాలోకి ఎత్తుతోంది. ఆమె పక్కన తళతళలాడే ఇత్తడి గిన్నె ఉంది. గృహప్రవేశానికని మొన్ననే కొంది. దాని మీద ‘అక్షయ’ అని పేరు కూడా కొట్టించింది. ఆ గిన్నె చూసినప్పటి నుంచి సుబ్బరామయ్య ఆమెతో సరిగా మాట్లాడటం లేదు.

“కన్నకూతురుండగా ఇంకో పిల్ల పాలు పొంగిస్తే ఆ ఇంటికేం కళ వదినా?” అంది పేరిందేవమ్మ.

కోటేశ్వరమ్మ డబ్బాలోకి ఇంకో గరిటె పచ్చడి వేసింది.

“ఆ పచ్చడెవరికి అత్తయ్యా?” అడిగాడు ఫణి.

“అక్షయకి.”

“స్టీలు డబ్బాలోనా! ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు.”

“ఎవడాపుతాడు? పోయే మనిషున్నాడులే.”

సుబ్బరామయ్య గట్టిగా దగ్గాడు. “నువ్వు నీ పని కానీరా ఫణీ.”

“పాస్‌పోర్టు నంబరు?”

“తర్వాత చెప్తా.”

“ఫోన్ చేసి అడుగు. ఇప్పుడక్కడ సాయంత్రం.”

“డ్యూటీలో ఉంటది.”

“సరే, మతం? హిందూ అని కొట్టనా?”

సుబ్బరామయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. “అది కూడా కావాలా వాళ్ళకి?”

“అడుగుతున్నారు మరి.”

“కొట్టు... వద్దు. ఆగు. ఖాళీగా వదిలెయ్.”

“వదిలితే ముందుకు పోదు మామయ్యా.”

“అయితే ఆపేద్దాం. ఈ గొడవంతా ఎందుకు, వినుకొండ పిల్ల ఉంది గదా.”

“ఆపడమేందన్నయ్యా, ముహూర్తం దగ్గర పడితేనూ! కొట్టరా నువ్వు,” అంది పేరిందేవమ్మ.

ఫణి ఏదో ఒకటి కొట్టేసి కిందికి జరిపాడు. “పెళ్ళయిందా? కాలేదు గదా.”

“కాలేదు,” అన్నాడు సుబ్బరామయ్య.

“అయింది,” అంది కోటేశ్వరమ్మ.

ఫణి చెయ్యి ఆగిపోయింది. పేరిందేవమ్మ చతికిలబడి కూర్చున్నదల్లా మోకాళ్ళ మీదకి లేచింది. “అయిందా! ఎప్పుడు వదినా? వీధిలో ఒక్క ముక్క తెలియనియ్యలేదే!”

“ఏమే, నువ్వు లోపలికి పో!” అన్నాడు సుబ్బరామయ్య.

కోటేశ్వరమ్మ కదల్లేదు.

“మొగుడి పేరు కూడా రాయాలి మామయ్యా,” అన్నాడు ఫణి మెల్లగా.

సుబ్బరామయ్య ఫ్యాను వంక చూశాడు. గోడ మీద గడియారం వంక చూశాడు. నుదురంతా చెమట పట్టింది. పేరిందేవమ్మకే జాలేసినట్టుంది, గొంతు తగ్గించింది.

“తెల్లోణ్ణి చేసుకుందా అన్నయ్యా? చేసుకుంటే చేసుకుంది, మనం మింగేస్తామా? కాకపోతే వాళ్ళ పేర్లే నోరు తిరిగి చావవు.”

“అదే!” అన్నాడు సుబ్బరామయ్య ఒక్కసారిగా. “అదేనమ్మా. నోరు తిరగదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.”

ఫణికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. “సరే, మొగుడి పేరూ పాస్‌పోర్టు నంబరూ అక్షయనే నింపుకోమందాం. ఇంతవరకూ సేవ్ చేసి పంపిస్తా. తన నంబరియ్యి.”

“నంబరు మార్చింది. కొత్తది నా దగ్గర లేదు.”

“కన్నకూతురి నంబరు లేదా!”

“లేదంటే లేదు.”

కోటేశ్వరమ్మ డబ్బా మూత నొక్కి, గుడ్డలో మూటగట్టి, ఇత్తడి గిన్నె ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలితో పేరుని తుడిచింది.

“ఇదొక్కటి చెప్తే నేను లేస్తా మామయ్యా. ఏ ఎయిర్‌పోర్టులో దిగుద్ది?”

“హైదరాబాదు రాయి... కాదు, చెన్నై... నువ్వే చూసి రాయరా ఏదో ఒకటి.”

“నేనెట్టా రాసేది? ఎక్కేదెక్కడో దిగేదెక్కడో ఇంట్లో మీకే తెలియకపోతే?” ఫణి విసుగ్గా వంటింటి వైపు తిరిగాడు. “అత్తయ్యా, నువ్వన్నా చెప్పు.”

“నడికుడిలో బస్సెక్కి పేటలో దిగుద్ది.”