సొట్ట ఉన్న వైపు

“ఉన్న కాలేజీ ఎందుకు వదిలేస్తున్నావు?” బాబాయి ప్రిన్సిపాల్‌లా గొంతు బరువు చేసుకుని అడిగాడు.

“అక్కడ ల్యాబ్ తాళం తియ్యరు సార్. లెక్చరర్లు ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలీదు. ఉన్న ఒక్క మైక్రోస్కోపు...”

“చాలు. సీటు లేదు, వెళ్ళిరా” అన్నాడు బాబాయి.

అమ్మాయి మొహం మాడిపోయింది. తెల్లారితే ఇంటర్వ్యూ. కొత్త కాలేజీలో రెండో సంవత్సరానికి ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క సీటు. అదీ పోతే డిగ్రీ అయ్యేదాకా సూక్ష్మజీవుల్ని పుస్తకంలో బొమ్మలుగా చూసుకోవాల్సిందే. పేరుకి మైక్రోబయాలజీ చదువుతోంది గానీ, ఇంతవరకూ ఒక్క బ్యాక్టీరియాను చూసిన పాపాన పోలేదు.

“నిజం చెప్పినా తప్పేనా బాబాయ్?”

బాబాయిది సెకండ్ హ్యాండ్ బళ్ళ వ్యాపారం. దుకాణంలో ఓ స్కూటర్ మీద కూర్చుని, పక్క స్కూటర్ అద్దం తుడుస్తూ పాఠం మొదలుపెట్టాడు.

“బండి అమ్మడానికి వచ్చినవాడు దాన్ని నానా తిట్లూ తిట్టాడనుకో, వీడే పాడుచేసుంటాడని నాకు అనుమానం వస్తుంది. అదే వదల్లేక వదల్లేక వదులుతున్నాడనుకో, కళ్ళు మూసుకుని తీసుకుంటా. వాళ్ళూ అంతే. చూసేది మీ కాలేజీని కాదే, నిన్ను.”

“అయితే అబద్ధాలు చెప్పమంటావా?”

“ఛ, అబద్ధాలాడితే ఈ దుకాణం ఎప్పుడో మూతపడేది. సొట్ట ఉన్న వైపు గోడకి తిప్పి నిలబెట్టాలి, అంతే. ఏదీ, ఆ తాళం వేసిన ల్యాబ్ గురించి చెప్పు.”

“ల్యాబ్‌ని చాలా జాగ్రత్తగా చూసుకుంటారు సార్. ఒక్క గీత కూడా పడనివ్వరు.”

“అదీ సంగతి. మరి లెక్చరర్లు?”

“మామీద వాళ్ళకి నమ్మకం ఎక్కువ. ఎవరికి వాళ్ళం చదువుకునేలా తయారుచేశారు.”

బాబాయి మురిసిపోయి గుడ్డ భుజాన వేసుకున్నాడు. “నా దుకాణంలో చేరిపో తల్లీ, నీకా చదువెందుకు?”

మర్నాడు అమ్మాయి కొత్త కాలేజీ ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంది. బల్ల అవతల ప్రిన్సిపాల్ మేడమ్ కళ్ళజోడు సవరించుకుని, అనుకున్న ప్రశ్నే వేసింది. ఇక అమ్మాయి నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. ల్యాబ్ మీద గీత పడనివ్వని జాగ్రత్త చెప్పింది, పిల్లల మీద నమ్మకం చెప్పింది. అటెండెన్స్ కోసం ఎవరినీ వేధించరంది. పరీక్షలు దగ్గరపడినా ఒక్కరి మొహంలో కంగారు కనబడదంది. అన్నీ నిజాలే, అన్నీ గోడకి తిప్పి నిలబెట్టినవే.

మేడమ్ రాసుకోవడం ఆపి శ్రద్ధగా వింది. “అంత మంచి కాలేజీని ఎందుకు వదులుకుంటున్నావమ్మా?”

దీనికి బాబాయి దుకాణంలో చెప్పే జవాబు ఒకటుంది, కుటుంబం పెరిగింది, బండి చాలట్లేదని. అది ఇక్కడ అతకదు. అమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. ఇక దాచలేక ఉన్నమాట చెప్పేసింది.

“నాకు మైక్రోస్కోపు కావాలి మేడమ్. అక్కడ దాన్ని ముట్టుకోనివ్వరు. బొమ్మలో ఉన్నవి నిజంగా కదులుతాయో లేదో నా కళ్ళతో చూడాలనుంది.”

మేడమ్ నవ్వి, కాగితం మీద సంతకం పెట్టేసింది. “సోమవారం వచ్చి చేరు. మా ల్యాబ్‌లో నీ తనివితీరా చూసుకో.”

అమ్మాయి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. థాంక్స్ చెప్పి, ఎగిరి గంతేయకుండా అతికష్టం మీద తలుపుదాకా నడిచింది.

“ఒక్క నిమిషం” అని మేడమ్ వెనక్కి పిలిచింది. తలుపు దగ్గరగా వెయ్యమని సైగ చేసి, గొంతు తగ్గించింది.

“అక్కడ నీ సీటు ఖాళీ అవుతుందిగా, ఎవరికీ చెప్పకు. మా అబ్బాయి ఇక్కడే రెండో సంవత్సరం చదువుతున్నాడు, రేపే తీసుకెళ్ళి వాణ్ణి అందులో చేర్పిస్తాను.”