కుర్చీల తాత దగ్గు

ఏమోయ్ మేధావీ! పక్కవాడి ఆటలో ఎత్తులన్నీ ఠకీమని చెప్పేసి, నీ ఆట దగ్గరికొచ్చేసరికి బుర్ర గోక్కునే మారాజా, నిన్నే! అలా గుడ్లురుమి చూడకు. ఈ కథ నీది కాదులే. ఒక టైలర్‌ది.

చెస్ క్లబ్బులో అతన్ని అందరూ ఫోన్ పులి అనేవారు.

ఫోన్‌లో ఎంత చిక్కు పజిల్ వచ్చినా, సూదిలోకి దారం ఎక్కించేంతలో విప్పేసేవాడు. అదే రేటింగ్ ఆటకి కూర్చున్నాడా, గెలిచే ఆటని కూడా చేజేతులా అవతలివాళ్ళకి అప్పగించి లేచొచ్చేవాడు.

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని విన్నాను గానీ, ఫోన్‌లో పులి, బల్ల దగ్గర పిల్లిని మాత్రం మిమ్మల్నే చూస్తున్నా," అనేది భార్య, బొత్తాలు కుడుతూనే.

క్లబ్బు జట్టులో అతనిది ఆఖరి కుర్చీ. వచ్చే ఆదివారం కూడా ఓడితే ఆ కుర్చీ ఇంకొకరికి పోతుందని సెక్రటరీ మొహమ్మీదే చెప్పేశాడు.

ఆ హాల్లో కుర్చీలు వేసి, బల్లలు తుడిచి, ఆటలయ్యాక ఎత్తులు రాసిన కాగితాలు పోగుచేసే ముసలాయన ఒకడుండేవాడు. అందరికీ కుర్చీల తాత.

మూల బల్ల మీద వారానికొక చిక్కు పేర్చి, టైలర్ కోసం కాచుక్కూర్చునేవాడు.

ఆ సోమవారం కూడా అంతే.

"నాయనా, తెల్లవాళ్ళు గెలవాలట. ఎంత చూసినా నాకు అంతుపట్టి చావట్లేదు."

"జరుగు తాతా. ఇదిగో, ఏనుగుని బలివ్వు. రాజు బయటికొస్తాడు. మంత్రితో ఆటకట్టు. అయిపోయింది."

"ఓరి నీ అసాధ్యం కూలా! అంత సులువా?"

"సులువు కాక? ఇంతకీ ఈ ఆట ఆడిన పుణ్యాత్ముడు గెలిచాడా?"

"లేదు నాయనా. ఓడాడు."

"ఏ గుడ్డి వెధవో!" పగలబడి నవ్వాడు టైలర్.

తాత కూడా నవ్వాడు. ఆ నవ్వు ఖళ్ళుఖళ్ళుమనే దగ్గులోకి దిగిపోయింది.

"నాకే గనక ఒక కోచ్ ఉండుంటేనా!" అన్నాడు టైలర్. "రెండేళ్ళ కిందటే క్లబ్బుకి కాగితం రాసిచ్చా. ఇంతవరకూ అతీగతీ లేదు."

"కోచ్ వచ్చి ఏం చేస్తాడూ? గెలుపుందని నేను చెప్పాను గనక ఇక్కడ వెతికావు. ఆటలో నీ వెనక నిలబడి ఎవరు చెప్తారు?"

"నువ్వే వచ్చి దగ్గు!"

"అలాగే, దగ్గుతాలే," అన్నాడు తాత, పావులు డబ్బాలో వేస్తూ.

స్కూలు యూనిఫారాల రద్దీలో పడి, టైలర్ మళ్ళీ ఆదివారం దాకా హాలు మొహం చూడలేదు.

ఆదివారం కుర్చీలు వంకరటింకరగా ఉన్నాయి. ఎవరో కొత్తవాళ్ళు వేసినట్టున్నారు.

అవతల కూర్చున్నది లెక్కల టీచరమ్మ.

ఇరవై రెండు ఎత్తులు సజావుగానే సాగాయి. ఇరవై మూడో ఎత్తుకి టైలర్ గుర్రం మీద చెయ్యి చాచాడు.

వెనక ఎవరో దగ్గారు.

ఖళ్ళుఖళ్ళుమని.

చటుక్కున వెనక్కి తిరిగాడు. గోడ. గోడవారగా ఒక ఖాళీ స్టూలు.

"ఈ ముసలాయనకి చోటూ లేదు, వేళా లేదు," అని గొణుక్కుని, గుర్రాన్నే జరిపాడు.

ఇంకో పది ఎత్తుల్లో ఓడిపోయాడు.

కాగితం మీద సంతకం చేస్తూ టీచరమ్మ మెల్లిగా అంది. "ఇరవై మూడో ఎత్తు దగ్గర నా పని అయిపోయిందనుకున్నానండీ. మీరెందుకో వదిలేశారు."

టైలర్ ఉక్రోషంగా సెక్రటరీ మీదికి వెళ్ళాడు.

"తాత ఏడండీ? ఆట మధ్యలో దగ్గి నా బుర్ర చెడగొట్టాడు!"

సెక్రటరీ అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఏం మాటలయ్యా అవి? తాత మంగళవారమే పోయాడు. నీకు తెలీదా?"



టైలర్ కాళ్ళు వాటంతటవే మూల బల్ల దగ్గరికి నడిచాయి. చేతులు వాటంతటవే ఇరవై మూడో ఎత్తు దగ్గరి ఆటని పేర్చాయి.

ఏనుగు బలి. రాజు బయటికి. మంత్రితో ఆటకట్టు.

సూదిలోకి దారం ఎక్కించేంతలో కనిపించింది.

"ఏ గుడ్డి వె..." అని అలవాటుగా అనబోయి ఆగాడు.

సెక్రటరీ వెనకాలే వచ్చి, బల్ల సొరుగు లాగి ఒక కట్ట తీశాడు.

"తాత ఇది నీకివ్వమన్నాడు."

ఎత్తులు రాసిన కాగితాలు. ముప్పై ఎనిమిది. ఒక్కోదాంట్లో ఒక్కో ఎత్తు చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. కొన్నింటి పక్కన చిన్న అక్షరాలతో 'రంగులు మార్చి పేర్చాలి, లేకపోతే గుర్తుపడతాడు' అని ఉంది.

అన్నీ ఈ బల్ల మీద తను ఇట్టే విప్పేసిన చిక్కులే. ఓడినవాణ్ణి తలుచుకుని పగలబడి నవ్వినవే.

ఓడినవాడి సంతకం ఎవరిదో చూశాడు. ముప్పై ఎనిమిది కాగితాల మీదా తనదే.

కట్ట అడుగున మడతలు పడ్డ కాగితం ఇంకొకటి ఉంది. కోచ్ కావాలని రెండేళ్ళ కిందట తను క్లబ్బుకి రాసిచ్చింది.

దాని అంచున, అదే ఎర్ర పెన్సిల్‌తో, వణుకుతున్న అక్షరాలు.

"సరే, ఇతనికి నేను నేర్పుతాను, కానీ ఆ మాట అతనికి చెప్పకండి, మూల బల్ల దగ్గర ఒక కోచ్ ఉన్నాడని ఎవరూ చెప్పకుండా తనంతట తను కనిపెట్టిన రోజున, అతనికి ఆట వచ్చినట్టే."