పెద్దాకుకు పడిన చిల్లు

చిక్కుడు పాదు మీద ఒక పెద్దాకు ఉండేది. మచ్చ లేని తన నునుపు చూసుకుని తెగ మురిసిపోయేది. దాని కింద నీడలో ఒక మొగ్గ ఉండేది.

ఒకరోజు గాలికి ఓ బూజు రేణువు వచ్చి ఆకు మీద వాలింది. "అక్కా, ఆవగింజంత చోటు చాలు," అంటూనే వేరు దింపి పచ్చి రసం జుర్రడం మొదలెట్టింది. "నిన్ను తినేశాక ఆ మొగ్గ దగ్గరికి పోతాలే. మెత్తగా ఉంది."

అటుగా పోతున్న చీమ నవ్వింది. "వదినా, చుట్టానికి మర్యాదలు బానే చేస్తున్నావే!"

ఆకు బూజు కిందా, దాని చుట్టూ ఉన్న తన ఒంటిని తానే గుండ్రంగా ఎండగట్టుకుంది. అక్కడ ఇక చుక్క రసం లేదు.

"నన్ను చంపడానికి నీ ఒళ్ళు నువ్వే చంపుకుంటావా? పిచ్చా నీకు?" అని బూజు నోరెండిపోయి అరిచింది.

"ఒళ్ళంతా కాదులే. నువ్వు కూర్చున్నంత మేరే."

మూడోనాటికి ఆ ఎండిన ముక్క బూజుతో సహా రాలిపోయింది. చీమ చిల్లులోంచి తొంగి చూసింది. "అయ్యో వదినా, ఇక నీ అందం ఏం కాను!"

ఆకు చిన్నబోయింది. అంతలో కింద నుంచి మొగ్గ కేకేసింది. "పెద్దమ్మా, నా మీద ఎండ పడుతోంది! ఇంకో చిల్లు పెట్టవూ?"

"పోవే, ఆశ!" అంది ఆకు, నవ్వాపుకోలేక.