మసకబారిన కాక్‌పిట్

కొడుకు నడిపే యుద్ధవిమానం జాడ తెలియకుండా పోయి ఇది మూడో రాత్రి. నిద్ర పట్టక తండ్రి, తను ముక్కలు అతికించి తయారుచేస్తున్న అదే విమానం బొమ్మను ముందేసుకుని కూర్చున్నాడు. కాక్‌పిట్ మీది అద్దంలాంటి మూతకు ఎప్పుడూ తెల్లజిగురే వాడే మనిషి, ఆ రాత్రి పరధ్యానంలో సూపర్ గ్లూ రాసి అతికించేశాడు. దాని ఆవిరికి మూతంతా తెల్లగా మసకబారింది. లోపల కూర్చోబెట్టిన గోరంత పైలట్ కనబడటం మానేశాడు.

"ఆ జిగురు ముట్టుకోవద్దని నాకు వందసార్లు చెప్పారు. మీరే రాశారా?" అంది భార్య.

"పొద్దున కోసి తీస్తాలే. పడుకో."

లైటు ఆర్పాడు. ఇద్దరికీ కన్ను మూతపడలేదు.

కాసేపటికి బల్ల మీద గోటితో గీకుతున్నట్టు సన్నని చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఎలుకేమో అనుకున్నారు.

అతను లేచి లైటు వేసి, భూతద్దంతో బొమ్మను చూశాడు. మసక మధ్యలో ఆవగింజంత చోటు శుభ్రంగా మెరుస్తోంది. ఎవరో లోపలి నుంచి తుడిచినట్టుంది. భూతద్దం భార్య చేతికిచ్చాడు.

ఆమె ఆ మెరిసే చోటులోంచి చాలాసేపు చూసింది.

"సీటు ఖాళీగా ఉందండీ."

"మూత అతుక్కునే ఉందిగా. ఎలా దిగాడు?"

"ఎలాగైతేనేం, దిగాడుగా," అంటూ ఆమె కొంగు దోపుకుంది. "వంట మొదలుపెడతా. వాడు ఆకలికి ఆగలేడు."

ఆమె స్టవ్ వెలిగించేసరికి, ముందుగదిలో ఫోను మోగింది.