సంతాప తీర్మానం మీద బేరసారాలు

“క్రేన్ ఆపరేటర్ మహానాయకుడా? ఇది చదివితే శవం కూడా లేచి నవ్వుతుంది!” అన్నాడు కార్యదర్శి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుంటూ.

“నవ్వితే నవ్వనీ. ఆ మాట తీసేస్తే మాత్రం నేనొప్పుకోను,” అన్నాడు ఎదురుగా కూర్చున్న గళ్ల చొక్కా ఆయన.

మిల్లు యూనియన్‌లో రిటైరైన వాళ్లని, సంఘం నుంచి మీకేం కావాలని ఆమధ్య అడిగారు. పింఛను పెంచమంటారనుకున్నారు, మందులిప్పించమంటారనుకున్నారు. తీరా చూస్తే చాలామందికి కావలసింది ఘనమైన సంతాప సభ. మంచి మైకు ఉండాలని కొందరు, అధ్యక్షుడి ఉపన్యాసం ఉండకూడదని అందరూ అన్నారు. దాంతో కార్యదర్శికి చేతినిండా పని దొరికింది. ఒకప్పుడు స్టోర్‌కీపర్‌గా చేసిన మనిషి కదా, పొగడ్తలు కూడా బోల్టుల్లాగే ఆచితూచి ఇస్తాడు. పైగా బేరాల బల్ల దగ్గర స్నేహాలూ మొహమాటాలూ పనికిరావని, మాట్లాడితే కాగితంలో ఉన్న మనిషి గురించే మాట్లాడాలని యూనియన్ పాత పద్ధతి.

“‘మచ్చలేని’ కూడా కొట్టేస్తున్నా. క్యాంటీన్ స్పూన్లు ఇంకా వాళ్లింట్లోనే ఉన్నాయి.”

“నాలుగు స్పూన్లకే చరిత్ర మారిపోతుందా?”

“‘సీనియర్ కార్మికుడు’ అని రాస్తా. అదే ఎక్కువ.”

“సీనియర్ కార్మికుడా! సమ్మెలో క్రేన్ దిగకుండా కూర్చున్నదెవరు?”

“కూర్చోలేదన్నా, పడుకున్నాడు. సమ్మె మొదలైన సంగతే తెలీదు. లేచాక కింద జనాన్ని చూసి చెయ్యూపాడు. అందరం జిందాబాద్ కొట్టాం.”

గళ్ల చొక్కా ఆయన మొహం కందగడ్డయింది.

“పడుకుంటే ఏంటంట? ఆ సంగతి యాజమాన్యానికి తెలుసా? హడలి చచ్చి దిగొచ్చారా లేదా?”

అంతటితో ఆగక వాకౌట్ చేసి వరండాలోకి వెళ్లాడు. వెనక్కి రమ్మని ఎవరూ పిలవలేదు. అక్కడ ఎవరిదో టీ తాగేసి, తనే వచ్చి కూర్చున్నాడు.

“సరే, ‘మహా’ తీసెయ్. ‘నాయకుడు’ ఉంచు.”

“ఎందుకన్నా ఇంత పట్టు?”

గళ్ల చొక్కా ఆయన గొంతు తగ్గింది. “సభకి ఆయన కోడలొస్తుంది. మోటార్ కట్టేశారా అని అడగడానికి తప్ప ఆ పిల్ల ఆయన్ని పలకరించదు. ఆ మాట ఒక్కసారి ఆ పిల్ల చెవిన పడాలి.”

కార్యదర్శికి జాలేసింది. అయినా బేరం బేరమే.

“నాయకుడు ఇస్తా. రెండు నిమిషాల మౌనం ఒక్క నిమిషానికి దించు. నిలబడాల్సినవన్నీ అరిగిపోయిన మోకాళ్లు.”

“ఖాయం చేసుకో.”

కార్యదర్శి రాసింది పైకి చదివాడు. “అందరూ కింద ఉన్న వేళ ఒంటరిగా పైన నిలిచిన మన నాయకుడు...”

గళ్ల చొక్కా ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. కార్యదర్శి విసుక్కుంటూనే చదివాడు. ఇద్దరూ లేచి, ఒప్పందం కుదిరిన రోజుల్లో లాగా చేతులు కలుపుకున్నారు.

క్రేన్ ఆపరేటర్ తన గళ్ల చొక్కా సర్దుకుని ఇంటికి బయల్దేరాడు.